డెకాయ్ కొనుగోలు ఆధారంగా పడిన ఎన్‌డీపీఎస్ శిక్షపై అప్పీలు చేసుకోవడం ఎలా

పోలీసులకు ఒక ఇన్ఫార్మర్ సమాచారం ఇస్తాడు. నంబర్లు రాసుకున్న నోట్లు అతని చేతికే ఇచ్చి సరుకు, అంటే మత్తుపదార్థం, కొనుక్కు రమ్మని పంపుతారు. ఇలా కొనడానికి పంపిన మనిషినే డెకాయ్ అంటారు. అతను పొట్లం తీసుకుని సైగ చేయగానే బృందం వెళ్లి అమ్మిన మనిషిని పట్టుకుంటుంది. మధ్యవర్తుల (సాక్షులుగా పిలిచిన బయటివారి) సమక్షంలో పంచనామా రాస్తారు, నమూనాలు ల్యాబ్‌కు వెళ్తాయి, కొన్నేళ్ల విచారణ తర్వాత 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల నిరోధక చట్టం) కింద ప్రత్యేక కోర్టు శిక్ష వేస్తుంది. ఆ తీర్పు చేతపట్టుకుని ఇప్పుడేం చేయాలో తెలియక నిలబడిన కుటుంబాల కోసం, ఇలాంటి అప్పీలును తొలిసారి చేపట్టిన యువ న్యాయవాదుల కోసం ఇది రాస్తున్నాను.

ఈ తరహా కేసుల్లో అప్పీలు మొత్తం రెండు ప్రశ్నల మీద నిలబడుతుందని నా అభిప్రాయం. సరుకు చేతులు మారడాన్ని కళ్లారా చూసి, కోర్టు బోనులోకి వచ్చి చెప్పినవారు ఎవరు? ఆ అమ్మకం మాట పూర్తిగా పక్కన పెడితే, ముద్దాయి దగ్గర సరుకు దొరికిందని చెప్పడానికి వేరే నమ్మదగిన రుజువు ఏముంది? మొదటి ప్రశ్నకు జవాబు బలహీనంగా ఉన్నంత మాత్రాన అప్పీలు గెలవదు, ఎందుకంటే ఈ చట్టంలో అమ్మడం ఎంత నేరమో దగ్గర ఉంచుకోవడమూ అంతే నేరం. ఈ రెండో ప్రశ్నను వదిలేసి, డెకాయ్‌ను విచారించలేదన్న ఒక్క వాదనతో హైకోర్టుకు వెళ్లి ఓడిపోవడం తరచుగా జరిగే పొరపాటు.

ముందుగా గడువు, కాగితాలు

ప్రత్యేక కోర్టు తీర్పుపై హైకోర్టుకు అప్పీలు చేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం, 115వ అధికరణం ప్రకారం 60 రోజుల గడువు ఉంటుంది. స్వల్ప పరిమాణం (ఈ హద్దులు కింద చెబుతాను) కేసులో మేజిస్ట్రేటు శిక్ష వేసి ఉంటే అప్పీలు సెషన్స్ కోర్టుకు వెళ్తుంది, దానికి గడువు 30 రోజులే. తీర్పు సర్టిఫైడ్ కాపీ కోసం దరఖాస్తు పెట్టాక అది తయారు కావడానికి పట్టిన రోజులను ఈ లెక్కలోంచి మినహాయిస్తారు కనుక, తీర్పు వచ్చిన మరునాడే కాపీ దరఖాస్తు పెట్టి, దరఖాస్తు చేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ కాపీ మీద స్పష్టంగా పడ్డాయో లేదో చూసుకోవాలి. జైలు శిక్ష పడిన వ్యక్తికి తీర్పు ప్రతిని వెంటనే ఉచితంగా ఇవ్వాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 404వ సెక్షన్ చెబుతోంది, అడిగి తీసుకోండి. గడువు దాటిపోయినా దారి మూసుకుపోదు. ఆలస్యానికి కారణాన్ని రోజుల లెక్కతో సహా వివరిస్తూ, కాలపరిమితి చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని అప్పీలుతోపాటే పిటిషన్ వేయవచ్చు. జైల్లో ఉన్న మనిషి అప్పీలు విషయంలో కోర్టులు సాధారణంగా ఉదారంగానే ఉంటాయి, అయితే "డబ్బు లేక ఆలస్యమైంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేయకుండా జరిగింది జరిగినట్టు రాయాలి.

2019 జనవరి 1న ఉమ్మడి హైకోర్టు విడిపోయింది కనుక తెలంగాణ జిల్లాల తీర్పులపై అప్పీలు హైదరాబాద్‌లోని తెలంగాణ హైకోర్టుకు, ఆంధ్రప్రదేశ్ జిల్లాల తీర్పులపై అప్పీలు అమరావతి ప్రాంతం నేలపాడులోని హైకోర్టుకు వెళ్తుంది. ఎన్‌డీపీఎస్ చట్టం 36బి సెక్షన్ హైకోర్టుకు ఈ అప్పీలు వినే అధికారం ఇస్తుంది. 2024 జులై 1 తర్వాత వేసే అప్పీలులో పాత సీఆర్‌పీసీ 374 స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ 415, శిక్ష నిలుపుదలకు పాత 389 స్థానంలో 430 సెక్షన్ రాస్తారు. విచారణ పాత చట్టం కింద నడిచి ఉంటే రికార్డులో పాత నంబర్లే కనిపిస్తాయి, దానివల్ల కంగారు పడనక్కరలేదు.

వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జైలు సూపరింటెండెంటు ద్వారానే అప్పీలు పంపవచ్చు. కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 12వ సెక్షన్ ఇచ్చింది. జైల్లోని న్యాయసేవా కేంద్రాన్నో, హైకోర్టు న్యాయసేవల కమిటీనో అడగవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేసినా చాలు. ఉచిత న్యాయవాదికి కేసు అప్పగించాక కుటుంబం చేయాల్సిన అసలు పని కాగితాలు అందించడమే. ఎఫ్‌ఐఆర్, రిమాండు రిపోర్టు, దాడికి ముందు రాసిన పంచనామా, దాడి తర్వాత రాసిన మధ్యవర్తుల నివేదిక, చార్జిషీటు, సాక్షులందరి వాంగ్మూలాలు, ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) నివేదిక, ముద్దాయిని కోర్టు ప్రశ్నించిన 313 కాగితం, తీర్పు: వీటన్నిటినీ ఒక దగ్గర చేర్చి, తేదీలు, గంటలు, నిమిషాలతో ఒక కాలపట్టిక తయారుచేసుకోండి. సమాచారం ఎప్పుడు వచ్చింది, డెకాయ్ ఎప్పుడు బయలుదేరాడు, ఎప్పుడు తిరిగి వచ్చాడు, పంచనామా ఎప్పుడు ముగిసింది, సరుకు స్టేషన్ మాల్‌ఖానాకు (స్వాధీన వస్తువులు భద్రపరిచే గదికి) ఎప్పుడు చేరింది, ల్యాబ్‌కు ఎప్పుడు వెళ్లింది అన్నవి ఒకే పేజీలో వరుసగా రాసుకుంటే, తీర్పులో ఎవరూ పట్టించుకోని ఖాళీలు వాటంతట అవే బయటపడతాయి. నేను ఏ అప్పీలు మొదలుపెట్టినా ఈ పట్టిక తయారయ్యే వరకు తీర్పు చదవను, ఎందుకంటే తీర్పు ముందు చదివితే ఆ కోర్టు చూసిన దృష్టితోనే రికార్డును చూడటం అలవాటవుతుంది.

శిక్ష నిలుపుదల కోరడం

అప్పీలు విచారణకు రావడానికి సంవత్సరాలు పట్టవచ్చు కనుక, దానితోపాటే శిక్షను నిలుపుదల చేసి బెయిలు ఇవ్వమని పిటిషన్ వేయాలి. ఇక్కడ పరిమాణం నిర్ణాయకం. గంజాయిలో 1 కిలో లోపు స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, మధ్యలో ఉన్నది మధ్యస్థ పరిమాణం. హెరాయిన్‌కు ఆ హద్దులు 5 గ్రాములు, 250 గ్రాములు, ఎండీఎంఏకు అర గ్రాము, 10 గ్రాములు. వాణిజ్య పరిమాణం కేసైతే ఎన్‌డీపీఎస్ చట్టం 37వ సెక్షన్ బెయిలు షరతులు అడ్డువస్తాయి, అంటే ముద్దాయి దోషి కాదని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయనీ, బయటకు వస్తే మళ్లీ నేరం చేయడనీ కోర్టుకు నమ్మకం కలగాలి. శిక్ష పడిన వ్యక్తి విషయంలో ఇది కష్టమే అయినా అసాధ్యం కాదు. శిక్ష నిలుపుదల చేసే అధికారాన్ని, ఈ చట్టం కింద పడిన శిక్షను నిలపరాదనే 32ఎ సెక్షన్ హైకోర్టు నుంచి లాగేసుకోజాలదని, 37 షరతులకు లోబడి ఆ అధికారం ఉందని దాదూ కేసులో సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. మధ్యస్థ, స్వల్ప పరిమాణాల కేసుల్లో 37 అడ్డు ఉండదు. నిర్ణీత కాల శిక్షపై అప్పీలు ఉన్నప్పుడు నిలుపుదల పిటిషన్‌ను ఉదారంగా పరిశీలించాలని 1999లో భగవాన్ రామా షిండే గోసాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇక్కడ బాగా పనికొస్తుంది. పిటిషన్‌లో ఇరవై కారణాలు రాయకుండా, రికార్డు తెరవగానే కనిపించే ఒకటి రెండు లోపాలు, ఇప్పటికే అనుభవించిన జైలు కాలం రాయండి. జరిమానా వసూలును కూడా నిలపమని విడిగా అడగడం మరిచిపోవద్దు.

డెకాయ్ ఎవరు, ఏం చూశాడు, ఎందుకు రాలేదు

ఇప్పుడు అసలు విషయం. ఎన్‌డీపీఎస్ చట్టంలో 50ఎ సెక్షన్ ఉంది గానీ అది నిఘా ఉంచి సరుకును గమ్యం దాకా వెళ్లనిచ్చే నియంత్రిత సరఫరాకు సంబంధించినది, దాన్ని చేపట్టే అధికారం కూడా నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో డైరెక్టర్ జనరల్‌కు, ఆయన అధికారమిచ్చిన అధికారికి మాత్రమే ఉంటుంది. మనిషిని పంపి కొనిపించే డెకాయ్ కొనుగోలుకు ఆ చట్టంలో ప్రత్యేకమైన సెక్షన్ గానీ, పాటించాల్సిన క్రమం గానీ లేదు. అందువల్ల దాని విలువను మామూలు సాక్ష్య సూత్రాలతోనే తూచాలి.

మన ప్రాంతంలో అందరికీ తెలిసిన ఏసీబీ ట్రాప్‌తో పోల్చి చూస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. ఏసీబీ వారు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు, ఫిర్యాదిని ముందే తనిఖీ చేసి అతని దగ్గర వేరే డబ్బు లేదని రాస్తారు, సంభాషణ వినడానికి ఒక తోడు సాక్షిని పంపుతారు, పట్టుకున్నాక అధికారి వేళ్లను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచి గులాబీ రంగు చూపిస్తారు, విచారణలో ఫిర్యాది వచ్చి సాక్ష్యం చెబుతాడు. ఇంత జాగ్రత్త తీసుకున్న కేసుల్లో కూడా, డబ్బు దొరికినంత మాత్రాన సరిపోదని, లంచం అడిగినట్టు రుజువు కావాలని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన బి.జయరాజ్ కేసులో 2014లో, పి.సత్యనారాయణమూర్తి కేసులో 2015లో సుప్రీంకోర్టు శిక్షలు రద్దు చేసింది. మొదటి కేసులో ఫిర్యాది ఎదురు తిరిగాడు, రెండో కేసులో విచారణకు ముందే చనిపోయాడు. అయితే 2022లో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం, ఫిర్యాది లేకపోయినా పరిస్థితులను బట్టి రుజువు చేయవచ్చని చెప్పింది కనుక, ఆ రెండు తీర్పులు చెప్పి ఈ మూడోది దాచడం తగదు, అవతలి పక్షం ఎలాగూ చూపిస్తుంది. డెకాయ్ లేని కేసులో ఆ 'పరిస్థితులు' ఎంత గట్టిగా ఉన్నాయో చూపించమని అడగడమే మన పని.

కాబట్టి పంచనామా ముందు పెట్టుకుని ఇలా అడుగుతూ వెళ్లండి. పంపే ముందు డెకాయ్‌ను మధ్యవర్తుల ఎదుట తనిఖీ చేశారా? చేయకపోతే పొట్లం ముందునుంచీ అతని దగ్గరే ఉండవచ్చన్న అవకాశాన్ని ప్రాసిక్యూషన్ తోసిపుచ్చలేదు. నోట్ల నంబర్లు దాడికి ముందే రాశారా, దొరికిన తర్వాత రాశారా? ఆ నోట్లే ముద్దాయి దగ్గర దొరికాయా, అవి కోర్టులో మెటీరియల్ ఆబ్జెక్టుగా (వస్తు సాక్ష్యంగా) మార్కయ్యాయా? డెకాయ్ బృందం కళ్లముందు నుంచి తప్పిపోయిన నిమిషాలు ఎన్ని? అధికారి ఎంత దూరంలో ఉన్నాడు, వెలుతురు ఏమిటి, మధ్యలో గోడ, వాహనం, జనం ఉన్నారా? క్రాస్ ఎగ్జామినేషన్‌లో వచ్చిన ఒక చిన్న జవాబు, ఉదాహరణకు "మేము ఉన్న చోటు నుంచి ఇద్దరి చేతులు కనిపించవు" అన్న ఒప్పుకోలు, విచారణ కోర్టు తీర్పులో ఎక్కడా కనిపించకపోవచ్చు. అప్పీలు కోర్టు సాక్ష్యాన్ని మొత్తం మళ్లీ తూచాలి కనుక అదే మీ మొదటి కారణం అవుతుంది.

డెకాయ్‌ను సాక్షిగా పిలవకపోతే, దాడి అధికారి "పొట్లం ముద్దాయి దగ్గరే కొన్నానని డెకాయ్ మాతో చెప్పాడు" అని చెప్పిన వాక్యం విన్న మాట మాత్రమే, అది సాక్ష్యంగా చెల్లదు. అధికారి చూసింది సైగను. సైగ చేశాడని చెప్పగలడే తప్ప, ఎందుకు చేశాడో తనకు తెలిసినదాన్ని బట్టి చెప్పలేడు. డెకాయ్ పేరు బయటపెట్టనక్కరలేదని ప్రాసిక్యూషన్ 68వ సెక్షన్ చూపిస్తుంది. ఆ సెక్షన్ చెప్పేది, నేర సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని అధికారిని బలవంతపెట్టరాదని. పాత సాక్ష్య చట్టం 125వ సెక్షన్ కూడా అదే దారిలో ఉంది. సమాచారం ఇచ్చి తప్పుకున్న మనిషికి ఆ రక్షణ సబబే, అతని ప్రాణానికి ముప్పు నిజమైనది కావచ్చు. కానీ డబ్బు పట్టుకుని వెళ్లి, సరుకు చేత్తో తీసుకుని, నేరం జరిగిన క్షణానికి ఏకైక ప్రత్యక్ష సాక్షిగా మారిన మనిషి సమాచారం ఇచ్చినవాడుగా మిగలడు. ఈ తేడాను అప్పీలు కారణాల్లో విడిగా, స్పష్టంగా రాయాలి. అమెరికా సుప్రీంకోర్టు 1957లో రొవియారో కేసులో సరిగ్గా ఈ తేడా మీదే తీర్పు ఇచ్చింది. లావాదేవీలో స్వయంగా పాల్గొన్న ఇన్ఫార్మర్ వివరాలను, ముద్దాయి రక్షణకు అవసరమైనప్పుడు, దాచడానికి వీల్లేదని చెప్పింది. మన కోర్టులకు అది కట్టుబాటు కాదు, అయినా తర్కం కోసం చూపించవచ్చు. పిలవగలిగిన ముఖ్య సాక్షిని పిలవకపోతే అతను ప్రాసిక్యూషన్‌కు వ్యతిరేకంగా చెప్పేవాడని భావించవచ్చన్న సాక్ష్య చట్టంలోని ఊహను కూడా దీనికి జోడించాలి. డెకాయ్ మఫ్టీలో ఉన్న కానిస్టేబులైతే దాచడానికి ఏ కారణమూ లేదు. అతన్ని విచారించకపోవడం ఇంకా పెద్ద లోపం.

డెకాయ్ వచ్చి సాక్ష్యం చెప్పి ఉంటే వాదన మారుతుంది. ట్రాప్‌లో పాల్గొన్న సాక్షిని నేరంలో భాగస్వామిగా చూడనక్కరలేదు గానీ, ఫలితం మీద ఆసక్తి ఉన్న సాక్షిగా చూసి స్వతంత్రమైన బలపరుపు వెతకవచ్చని బసావన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1958లోనే చెప్పింది. అతని మీద పెండింగులో ఉన్న కేసులు, వాటిలో దొరికిన వెసులుబాటు, అంతకుముందు ఎన్ని కేసుల్లో ఇదే పని చేశాడన్నది, సమాచారం ఇచ్చినవారికి ప్రభుత్వం ఇచ్చే నగదు బహుమతి, ఇవన్నీ ఆ ఆసక్తిని చూపించేవే. ఇవి క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగి ఉంటే రికార్డులోంచి ఎత్తి చూపండి. అడగకపోతే, బీఎన్‌ఎస్‌ఎస్ 432 కింద అదనపు సాక్ష్యం కోసం హైకోర్టును కోరవచ్చు, కానీ అప్పుడు ఎందుకు తేలేదో నిజాయితీగా వివరించాలి.

ప్రలోభపెట్టి నేరం చేయించారన్న వాదన గురించి ఒక మాట. మన చట్టంలో దానంతట అదే నిర్దోషిగా తేల్చే రక్షణగా ఇది స్థిరపడలేదు. అయినా, చట్టాన్ని కాపాడాల్సినవారే మనిషిని అతని నిగ్రహానికి మించి ప్రలోభపెట్టి నేరంలోకి దించడాన్ని సుప్రీంకోర్టు 1956లో రామ్‌జనం సింగ్ కేసులో గట్టిగా తప్పుపట్టింది. ఎవరు ముందు ఫోన్ చేశారు, ఎన్నిసార్లు చేశారు, ముద్దాయి మొదట నిరాకరించాడా అన్నవి కాల్ రికార్డుల్లో ఉంటే ఈ వాదన సాక్షి విశ్వసనీయతను దెబ్బతీయడానికి, శిక్ష తగ్గించమని కోరడానికి ఉపయోగపడుతుంది. దీన్నే ప్రధాన కారణంగా పెట్టుకుంటే, సరుకు ముద్దాయిదేనని మనమే ఒప్పుకున్నట్టు వినిపించే ప్రమాదం ఉంది కనుక, ప్రత్యామ్నాయ వాదనగా మాత్రమే రాయడం మంచిది.

దగ్గర ఉంచుకోవడం అన్న రెండో ఆరోపణ

డెకాయ్ తెచ్చిన పొట్లం కాకుండా ముద్దాయి జేబులోనో, సంచిలోనో, ఇంట్లోనో మరింత సరుకు దొరికిందని సాధారణంగా కేసు ఉంటుంది, పరిమాణం కూడా ఎక్కువగా అక్కడినుంచే వస్తుంది. 35, 54 సెక్షన్ల కింద ముద్దాయికి వ్యతిరేకంగా చట్టం కొన్ని ఊహలు చేస్తుంది. అయితే అతని ఆధీనంలో సరుకు ఉందన్న మూల వాస్తవాలను ప్రాసిక్యూషన్ ముందు రుజువు చేశాకే ఆ ఊహలు మొదలవుతాయని నూర్ ఆగా కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. విచారణ కోర్టు ముద్దాయి తన నిర్దోషిత్వాన్ని రుజువు చేసుకోలేదని మొదటి పేజీల్లోనే రాసి ఉంటే, ఆ వరుస తప్పిందని చూపించండి.

డెకాయ్ దాడి అంటేనే ముందస్తు సమాచారం ఉందని అర్థం. సోదా ఇంట్లో గానీ, మూసి ఉన్న చోట గానీ, ప్రైవేటు వాహనంలో గానీ జరిగితే 42వ సెక్షన్ ప్రకారం ఆ సమాచారాన్ని రాతలో పెట్టాలి, 72 గంటల్లో ప్రతిని పై అధికారికి పంపాలి, సూర్యాస్తమయం తర్వాత వారెంటు లేకుండా వెళ్తే కారణాలు రాయాలి. దీన్ని అసలు పాటించకపోవడాన్ని మన్నించలేమని, ఆలస్యమైతే సంతృప్తికరమైన వివరణ ఉండాలని 2009లో కర్నైల్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. రోడ్డు మీద నిలిపి ఉన్న ప్రైవేటు వాహనం 43వ సెక్షన్ చెప్పే ప్రజా వాహనం కిందికి రాదని, 42 పాటించాల్సిందేనని 2021లో బూటా సింగ్ కేసులో శిక్ష రద్దయింది. బహిరంగ స్థలంలో పట్టుకుంటే మాత్రం 43 వర్తిస్తుంది, అక్కడ 42 గురించి వాదించి సమయం పోగొట్టుకోవద్దు.

50వ సెక్షన్ విషయంలో పొరపాట్లు ఎక్కువ. అది మనిషి ఒంటిమీద జరిపే సోదాకే వర్తిస్తుంది. ముద్దాయి తానే డెకాయ్ చేతికి ఇచ్చిన పొట్లం సోదాలో దొరికింది కాదు కనుక దానికి 50 వర్తించదు, చేతి సంచికీ వర్తించదని పవన్ కుమార్ కేసు నుంచి 2023 నాటి రంజన్ కుమార్ చద్దా కేసు దాకా సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. జేబులో దొరికిన సరుకే శిక్షకు ఆధారమైతే, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని ముద్దాయికి చెప్పి తీరాలని 2010లో విజయ్‌సింహ్ జడేజా కేసులో రాజ్యాంగ ధర్మాసనం నిర్ణయించింది. ఇద్దరు ముగ్గురికి కలిపి ఒకే నోటీసు ఇవ్వడం చెల్లదని 2014లో పరమానంద్ కేసు చెబుతుంది. నోటీసు తెలుగులో ఉందా, ముద్దాయికి చదవడం వచ్చా, ఒడిశా సరిహద్దు గ్రామాల నుంచి వచ్చిన గిరిజనుడైతే అతనికి అర్థమయ్యే భాషలో చెప్పారా అన్నది పాడేరు, చింతపల్లి వైపు కేసుల్లో తప్పక చూడాల్సిన సంగతి. హక్కు చెప్పామని సంతకం తీసుకుంటే సరిపోదు, అది ఆ మనిషికి అర్థం కావాలి.

బరువు, నమూనా, సీలు

మధ్యస్థ పరిమాణానికీ వాణిజ్య పరిమాణానికీ మధ్య తేడా ఒక మనిషి జీవితంలో చాలా సంవత్సరాలు. వాణిజ్య పరిమాణానికి కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు, కనీసం లక్ష రూపాయల జరిమానా. మధ్యస్థ పరిమాణానికి 10 ఏళ్ల వరకు శిక్ష ఉంటుంది గానీ కనీస శిక్ష లేదు. అందువల్ల నిర్దోషిగా వదలమనే వాదన ఎంత బలంగా ఉన్నా, బరువు మీద వాదనను వదలకూడదు.

చట్టం నిర్వచనంలో గంజాయి అంటే పూత లేదా కాయ పట్టిన కొసలు. ఆ కొసలతో కలిసి లేనప్పుడు ఆకులు, గింజలు దాని కిందికి రావు. స్వాధీనం చేసుకున్న మూటలో కాండం, వేర్లు, ఆకులు, గింజలు అన్నీ కలిపి తూచి 21 కిలోలని రాసి ఉంటే, పూత కొసల బరువు విడిగా రుజువు కాలేదన్న వాదన బలమైనది. దీనికి జవాబుగా ప్రాసిక్యూషన్, మిశ్రమం మొత్తం బరువును తీసుకోవాలన్న 2020 నాటి హీరా సింగ్ తీర్పును చూపిస్తుంది. మందులో కలిపిన తటస్థ పదార్థం వేరు, నిర్వచనంలోంచే మినహాయించిన మొక్క భాగం వేరు అని మీరు తేడా చూపాలి. పంచనామాలో సరుకును ఎలా వర్ణించారో, ల్యాబ్ నివేదికలో ఏం రాశారో పక్కపక్కన పెట్టి చదవండి. తడి గంజాయి అని ఒకచోట, ఎండు గంజాయి అని మరోచోట కనిపిస్తే అది చిన్న విషయం కాదు.

ఎక్కువ పొట్లాలు దొరికితే ప్రతి దానిలోంచీ నమూనా తీశారా అన్నది తర్వాతి ప్రశ్న. గోవా నుంచి వెళ్లిన గాంటర్ ఎడ్విన్ కిర్షర్ కేసులో రెండు చరస్ ముక్కల్లో ఒకదాన్నే పరీక్షకు పంపారు కనుక, 1993లో సుప్రీంకోర్టు ఆ ఒక్కదాని బరువునే లెక్కలోకి తీసుకుంది. డెకాయ్ తెచ్చిన పొట్లాన్నీ, ముద్దాయి దగ్గర దొరికిన సరుకునీ ఒకే సంచిలో కలిపి, కలిసిన దాంట్లోంచి నమూనా తీసి ఉంటే ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఏది మత్తుపదార్థమో, ఏది ఎవరి చేతిలోంచి వచ్చిందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు.

52ఎ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట జాబితా, ఫొటోలు, నమూనాలు జరగాలని 2016లో మోహన్‌లాల్ కేసు గట్టిగా చెప్పింది. 2023లో సిమర్న్‌జిత్ సింగ్, యూసుఫ్ కేసుల్లో ఈ లోపం మీద శిక్షలు రద్దయ్యాయి. అయితే 2025 జనవరిలో భరత్ ఆంబళే కేసులో, ఆ లోపం ఒక్కటే కేసును కూల్చదని, మిగతా సాక్ష్యంతో కలిపి చూడాలని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక 52ఎ లోపాన్ని ఒంటరిగా నిలబెట్టకుండా గొలుసులో ఒక కొక్కెంగా చూపించండి. స్టేషన్‌లో సరుకు పెట్టిన రిజిస్టరు మార్కయిందా, 55వ సెక్షన్ కింద స్టేషన్ అధికారి సీలు వేశాడా, నమూనా ల్యాబ్‌కు తీసుకెళ్లిన కానిస్టేబులును సాక్షిగా పిలిచారా, ల్యాబ్ అందుకున్న సీలు పంచనామాలోని సీలుతో సరిపోయిందా, మధ్యలో గడిచిన రోజుల్లో అది ఎవరి దగ్గర ఉంది? ఇన్ఫార్మర్ తెచ్చిన పొట్లం విషయంలో ఈ ప్రశ్నలు మరీ పదునైనవి, ఎందుకంటే ఆ గొలుసు మొదటి కొక్కెం అతని చెయ్యే.

మిగిలిన కారణాలు, వదిలేయాల్సినవి

ముద్దాయికి వ్యతిరేకమైన ప్రతి ముఖ్యాంశాన్నీ కోర్టు అతని ముందు పెట్టి జవాబు అడగాలి. డెకాయ్ కొనుగోలు గురించిన ప్రశ్న 313 కాగితంలో లేకపోతే, దాన్ని శిక్షకు వాడుకోవడం తప్పని 2023 నాటి రాజ్‌కుమార్ కేసు ఆధారంగా వాదించవచ్చు. ఫోన్ సంభాషణలు, వాట్సాప్ సందేశాలు ఉంటే, 2020 నాటి అర్జున్ పండిత్‌రావ్ కేసు చెప్పిన, ఎలక్ట్రానిక్ రికార్డులకు కావలసిన 65బి ధ్రువపత్రం ఉందో లేదో చూడండి. అధికారుల ముందు చేసిన నేరాంగీకారం, 67వ సెక్షన్ కింద తీసుకున్నదైనా, సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసు తేల్చింది.

ఫిర్యాదు చేసిన అధికారే దర్యాప్తు చేశాడన్న కారణం ఒక్కటే ఇప్పుడు పనిచేయదు, 2020లో ముకేష్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ దారి మూసేసింది. మధ్యవర్తులు ఎదురు తిరిగారన్నదీ ఒంటరిగా చాలదు, పోలీసుల సాక్ష్యం నమ్మదగినదైతే దాని మీదే శిక్ష వేయవచ్చు. అరెస్టు, స్వాధీనం గురించి పై అధికారికి పంపే 57వ సెక్షన్ నివేదిక ఆలస్యం కూడా అంతే. ఇలాంటివి పదిహేను చేర్చితే బలమైన మూడు కారణాలు గుంపులో కలిసిపోతాయి.

శిక్ష గురించిన కారణాన్ని చివర విడిగా రాయండి. కనీసానికి మించి శిక్ష వేసి ఉంటే 32బి సెక్షన్‌లోని అంశాలు, మొదటి నేరమైతే ఆ సంగతి, డెకాయ్ ఒత్తిడి, వయసు, కుటుంబ పరిస్థితి చూపించాలి. విచారణ కాలంలో జైల్లో గడిపిన రోజులను శిక్షలో తగ్గించారో లేదో కూడా చూసుకోవాలి. ముద్దాయి వేసిన అప్పీలులో హైకోర్టు శిక్ష రద్దు చేయవచ్చు, సెక్షన్ మార్చవచ్చు, శిక్ష తగ్గించవచ్చు, మళ్లీ విచారణకు పంపవచ్చు. ఆ అప్పీలులో శిక్ష పెంచడానికి మాత్రం వీలుండదు. ఈ భయంతో అప్పీలే వేయని కుటుంబాలను చూశాను కనుక ప్రత్యేకంగా చెబుతున్నాను.

వాదనల రోజుకు కాలపట్టిక, దాడి స్థలం చేతిగీత పటం, డెకాయ్ ప్రస్తావన ఉన్న ప్రతి వాంగ్మూలంలోని వాక్యం పేజీ నంబరుతో సహా రెండు మూడు పేజీల్లో న్యాయమూర్తికి అందించండి. శిక్ష రద్దయితే, విడుదల ఉత్తర్వు జైలుకు చేరిందో లేదో అదే రోజు వకీలు ద్వారా కనుక్కోండి, కట్టిన జరిమానా వాపసుకు దరఖాస్తు పెట్టండి. అప్పీలు కొట్టేస్తే, సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి పిటిషన్ వేయడానికి తీర్పు తేదీ నుంచి 90 రోజులు ఉంటాయి, హైకోర్టు తీర్పు కాపీకి ఆ రోజే దరఖాస్తు పెట్టాలి.